వామనగుంటల పీట, అష్టాచెమ్మా, పులి-మేక: సంక్రాంతికి మా ఇంటి ఆటల సెట్టు

నవంబరు మొదటి వారం

ఈసారి సంక్రాంతికి మా పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు అందరూ కాకినాడలో మా ఇంటికే వస్తున్నారు. మూడు తరాలు ఒక హాల్లో చేరితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. పెద్దవాళ్ళు టీవీ ముందు, పిల్లలు ఫోన్లలో, మేమేమో వంటింట్లో. అందుకని అందరూ కలిసి ఆడే సెట్టు ఒకటి దగ్గరుండి చేయిద్దామని పని మొదలుపెట్టాను. గుంటల్లో గింజలు పంచే వామనగుంటలు, గవ్వలు వేసి కాయలు నడిపే అష్టాచెమ్మా, మేకలతో పులులను కట్టేసే పులి-మేక. ఈ మూడు ఆటలే.

వైకుంఠపాళి ఎందుకు లేదంటే, అచ్చువేసిన పటం చవగ్గానే దొరుకుతుంది. పైగా అందులో మన తెలివితో పనిలేదు, పెద్దపాము మింగితే మింగుతుంది, అంతే. నాలుగేళ్ళ మా మరిది కొడుక్కి అది చాలు. లూడో ఇంట్లో ఉంది. మన పచ్చీసే ఇంగ్లండు వెళ్ళి, 1896లో అక్కడ పేటెంటు పుచ్చుకుని, గవ్వల చోట పాచిక పెట్టుకుని మళ్ళీ మన షాపుల్లోకి వచ్చింది. దాని మీద నాకేం కోపం లేదు గానీ, ఆ అట్ట మీది బుల్లి కాయలు మా అత్తయ్య వేళ్ళకు అందవు.

చిక్కంతా అక్కడే ఉంది. పెద్దవాళ్ళకు ఆటల మీద ఆసక్తి పోయిందని మనమే తేల్చేస్తాం. అత్తయ్యను అడిగితే అసలు విషయం చెప్పింది: "ఆడాలనే ఉంటుందమ్మా. కింద కూర్చుంటే లేవలేను. బల్ల మీద పెడితే మీ కాయలు కనపడి చావవు."

ఆవిడకు డెబ్బై ఆరు. మోకాళ్ళు వంగవు, పొద్దున పూట వేళ్ళు బిగుసుకుంటాయి. మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు బాగానే ఉంది గానీ, ట్యూబులైటు వెలుతురులో ఎరుపుకీ మెరూనుకీ తేడా పట్టలేదు. కాబట్టి నోటుబుక్కులో మొదట రాసుకున్నవి ఆటల పేర్లు కాదు, ఇవీ: బల్ల మీద ఆడేలా ఉండాలి, కాయను తడిమినా ఎవరిదో తెలియాలి, ఒక ఆట ఇంచుమించు అరగంటలో ముగియాలి. పిల్లల సంగతి తర్వాత. పిల్లల చేతులు ఎలాగైనా సర్దుకుంటాయి.

నవంబరు చివర: పీట

వామనగుంటల పీటకు కొత్త చెక్క కొనలేదు. మా పాత ఇంటి టేకు తలుపు ఒకటి అటక మీద ఉంది. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క కాబట్టి ఇక వంకర పోదని వడ్రంగి అన్నాడు. మరీ బరువు కాకుండా పైన కొంత చిత్రిక పట్టించాం.

గుంట ఎంత ఉండాలన్నది తేలకుండా పీట మీద చెయ్యి వేయనివ్వలేదు. పనికిరాని ముక్క ఒకటి తీసి, దాని మీద రూటర్ మిషన్‌తో మూడు రకాల గుంటలు తీయించాను. ఒకటి ఇరుకు, లోతెక్కువ. ఒకటి మధ్యరకం. ఒకటి వెడల్పు, లోతు తక్కువ. మూడింట్లో ఐదేసి చింతపిక్కలు పోసి అత్తయ్య ముందు పెట్టాను. ఆవిడ సీరియల్ చూస్తూనే చెయ్యి పెట్టింది. ఇరుకు గుంటలో గిన్నె అడుగు పప్పు గీకినట్టు గీకింది, అయినా రెండు పిక్కలు లోపలే ఉండిపోయాయి. వెడల్పు గుంటలో బొటనవేలు అంచుకి ఆనించి ఒక్క తోపు తోసింది, ఐదూ అరచేతిలో పడ్డాయి. అప్పుడు కూడా తల ఇటు తిప్పలేదు. నాకు కావలసిన పరీక్ష అదే.

చివరికి ఖాయమైన కొలతలు: గుంట వెడల్పు 7 సెంటీమీటర్లు, లోతు 2. అడుగు చదరంగా కాకుండా గుండ్రంగా ఉండాలి, అంచు నున్నగా ఉండాలి. వరుసకు ఏడు గుంటలు, మధ్య మధ్య ఒక్కో సెంటీమీటరు, రెండు చివర్లా మరో సెంటీమీటరు. మొత్తం 57 సెంటీమీటర్ల పొడవు. రెండు వరుసలూ వేరు వేరు పలకలు, మధ్యలో బందులు. మూస్తే గుంటలు ఎదురెదురుగా కూర్చుంటాయి, పిక్కలు లోపలే ఉంటాయి, గడియ పెట్టేస్తే సరి. పాతకాలం చేప ఆకారం పీటలు మడతపడేది ఇందుకే. ఆట అయ్యాక పిక్కలు వెతుక్కోవడానికి మంచాల కిందికి దూరక్కర్లేదు.

చేప ఆకారం చెక్కుతానని వడ్రంగి సరదా పడ్డాడు. తోక వల్ల బల్ల మీద చోటు పోతుందని వద్దన్నాను. అందానికి అదే బాగుండేది, కాదనను.

డిసెంబరు మొదటి వారం: పిక్కలు, గవ్వలు

గుంటకు ఐదు చొప్పున పద్నాలుగు గుంటలకు డెబ్బై చింతపిక్కలు కావాలి. ఏడాది చింతపండు గింజ తీసినప్పటివి డబ్బాలో ఉన్నాయి. కానీ అలాగే వాడితే అంటుకున్న గుజ్జుకు చీమలు పడతాయి. నీళ్ళలో నానబెట్టి, గోనెగుడ్డతో రుద్ది, నాలుగు ఎండల్లో ఆరబెట్టాం. సన్నటి బెజ్జం ఉన్న గింజలో పురుగు ఉన్నట్టే లెక్క, ఏరి పారేశాం. డెబ్బైకి తోడు ఓ గుప్పెడు ఎక్కువే పెట్టుకోవాలి. సోఫా సందుల్లోకి పోయేవి పోతాయి.

మా అబ్బాయి గురివింద గింజలు అందంగా ఉంటాయి, అవి పెడదామన్నాడు. నిజమే, చూడముచ్చటగా ఉంటాయి. కానీ గురివింద గింజలో గట్టి విషం ఉంటుంది. ఆ పై తొక్క పగిలితే, నమిలితే ప్రాణానికే ప్రమాదం. నాలుగేళ్ళవాడు తిరిగే ఇంట్లో వాటి మాటే వద్దు. ఆ మాటకొస్తే చింతపిక్కా వాడి గొంతులోకి పోతుంది కాబట్టి, పీట తెరిచి ఉన్నంతసేపు వాడు ఎవరో ఒకరి ఒళ్ళో ఉండాలన్నది మొదటి రూలు.

చింతపిక్కల కంటే పెద్దవి కదా అని గచ్చకాయలు కూడా తెప్పించి చూశాను. చేతికి హాయిగా ఉన్నాయి గానీ గుంటకు ఐదారు పోస్తే నిండిపోతున్నాయి. ఆ గచ్చకాయల వల్ల ఇంకో గొడవ. మా ఆయన ఒకటి తీసి నేలకేసి బరబరా రుద్ది అబ్బాయి చేతికి అంటించాడు. వాడు కెవ్వుమన్నాడు. వాడి దగ్గర్నుంచి చెల్లి నేర్చుకుంది. ఆ సాయంత్రం ఇల్లంతా చురకలే. గచ్చకాయల డబ్బా ఇప్పుడు బీరువా మీద ఉంది.

అష్టాచెమ్మాకు గవ్వలు పూజా సామగ్రి కొట్లో దొరికాయి. ఒకే సైజువి ఏరుకోవాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, 8. మిగతాప్పుడు ఎన్ని వెల్లకిలా పడితే అన్ని. ఏ గవ్వకు ఏ పక్షపాతం ఉందో చూడమని పిల్లలిద్దరికీ పని పెట్టాను. పేజీ నిండా గీతలు గీశాక ఒక గవ్వ మొండిగా వెల్లకిలాయే పడుతోందని తేలింది. వీపు మరీ చదునుగా ఉంది దానికి. దాన్ని తీసేసి ఇంకోటి పెట్టాం.

ఆ కాగితం మీదే అబ్బాయి లెక్క వేశాడు. గవ్వలు ఎటూ మొగ్గకుండా సమానంగా పడతాయనుకుంటే, నాలుగు గవ్వలు పదహారు రకాలుగా పడొచ్చు. అందులో 2 పడేవి ఆరు, 1కి నాలుగు, 3కి నాలుగు, అష్టాకు ఒకటి, చెమ్మాకు ఒకటి. అంటే ఎనిమిది పందేలకు ఒకసారి అష్టానో చెమ్మానో పడి మళ్ళీ వేసే అదృష్టం. సగటున పందేనికి రెండున్నర గడులు. ఐదు వరుసల పటంలో మన ఇంటి నుంచి బయలుదేరిన కాయ బయటి వరుసలో 15 గడులు, లోపలి వరుసలో 8, ఆ తర్వాత నడి గడి, మొత్తం 24 అడుగులు వేస్తే పండుతుంది. నాలుగు కాయలు పండించాలంటే 96 అడుగులు. ఒక్కొక్కరికి ఎంత లేదన్నా నలభై పందేలు. నలుగురు ఆడితే నూట అరవై, చచ్చి మళ్ళీ బయలుదేరే కాయల లెక్క అదనం.

పిల్లలు ఆట మధ్యలో లేచి ఎందుకు పోతారో ఈ లెక్కతో తెలిసింది. వాళ్ళకు ఓపిక లేక కాదు, ఆటే గంట దాటిపోతుంది. అందుకని రాత్రిపూట ఆటకు మనిషికి రెండే కాయలు అని ఖాయం చేశాం. నాలుగు కాయల ఆట మధ్యాహ్నం భోజనాలయ్యాక, నిద్ర రానివాళ్ళకి.

డిసెంబరు మూడో వారం: గుడ్డ పటం, లక్క కాయలు

చెక్క మీద ఇంకో బోర్డు చేయిస్తే మోయడం కష్టం. అందుకని మందపాటి గాడా గుడ్డ తీసుకుని, ఒకవైపు అష్టాచెమ్మా, రెండోవైపు పులి-మేక ఫ్యాబ్రిక్ పెయింటుతో గీశాను. రంగు అవతలికి దిగకుండా రెండు గుడ్డలు విడివిడిగా వేసి, ఆరాక వీపులు కలిపి కుట్టించాను. అష్టాచెమ్మా గడి 9 సెంటీమీటర్లు. గడి పెద్దదిగా ఎందుకంటే, గళ్ళు కొట్టిన ఇంట్లో ఒక్కోసారి నలుగురి కాయలూ చేరతాయి, ఒకటి కదిపితే పక్కది పడకూడదు. గీతలు ముదురు నీలం, నేల గోధుమ వన్నె. ఎరుపు ఎక్కడా లేదు.

విశాఖ వెళ్ళినప్పుడు, కాయల కోసం దారిలో లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాకకి వెళ్ళాం. అంకుడు కర్రను తిప్పుతూనే లక్క పట్టించే పని అది, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనించగానే రాపిడి వేడికి కరిగి, రంగు చుట్టూ ఉంగరంలా పాకుతుంది. పైన మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు వస్తుంది. మా అమ్మాయి అక్కడి నుంచి కదలనంది. నాకు కావలసినవి బొమ్మలు కావని, చేత్తో పట్టుకుని తిప్పుకునే కాయలని చెప్పాను. అష్టాచెమ్మాకు నాలుగు రంగులు, నాలుగు తలలు: గుండ్రటి తల, మొనతేలిన తల, చదును తల, మెడలో గాడి ఉన్నది. కళ్ళు మూసుకుని తడిమినా ఏది ఎవరిదో చెప్పొచ్చు. పులులు మూడు, ఎత్తుగా, నల్లచారలతో. మేకలు పదిహేను, పొట్టిగా, పసుపుపచ్చగా. పులికి మీసాలు పెట్టమని అమ్మాయి అడిగితే అక్కడి ఆయన నవ్వి నిజంగానే రెండు గీతలు గీశాడు.

జనవరి మొదటి వారం: పులి-మేక

ఈ పటం గీయడం చూడటానికి కష్టం గానీ, తీరు తెలిస్తే తేలిక. పైన ఒక శిఖరం. అక్కడి నుంచి కిందికి నాలుగు గీతలు. వాటిని అడ్డంగా కోస్తూ ఒక పొడుగాటి చతురస్రం, దాని మధ్యలో ఇంకో అడ్డగీత. అడుగున నాలుగు పాదాలనూ కలుపుతూ చివరి గీత. శిఖరం ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23 చోట్లు. గీతలు కలిసే ప్రతిచోటా రూపాయి బిళ్ళంత చుక్క పెట్టాను. లేకపోతే కాయ గీత మీదుందో చుక్క మీదుందో అని తగువు.

పులులు పైన కూర్చుంటాయి. మేకలను ఒక్కొక్కటిగా దించాలి. పదిహేనూ దించేదాకా ఏ మేకనూ కదపకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ తిరుగుతూ, పక్క మేక అవతల చోటు ఖాళీగా ఉంటే దూకి తినేస్తుంది. పులులను ఎటూ కదలనివ్వకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు.

అమ్మాయికి మొదట్లో మేకలు ఇస్తే ఏడుపు. నాన్నమ్మ మేకలు పట్టుకుంటే మాత్రం పులులకు ఏమీ దొరికేది కాదు. నాన్నమ్మ ఏ చోట్లతో మొదలుపెడుతోందో అది అమ్మాయి కాగితం మీద గుర్తుపెట్టుకుంది. చతురస్రం నాలుగు మూలలు, అడుగు గీత రెండు కొసలు. అక్కడ గీత అయిపోతుంది కాబట్టి పులి దూకినా దిగడానికి చోటుండదు. ఆరు మేకలకు ఇక భయం లేదు. మిగతా తొమ్మిదింటిని వాటిని ఆనించుకుని నడపాలి. ఈ మాట నాన్నమ్మ ఎప్పుడూ చెప్పలేదు, ఆడి చూపించిందంతే. అమ్మాయి వెళ్ళి "నీ సీక్రెట్ కనిపెట్టేశా" అంటే, "కనిపెట్టావుగా, ఇహ పులులు నాకివ్వు" అంది. చదరంగం తప్ప మిగతావన్నీ పిల్లలాటలనే మావయ్య గారు కూడా పేపరు పక్కన పెట్టి, పులులు పట్టుకుని మనవరాలి చేతిలో ఓడిపోయారు. మర్నాడు పేపరు ముట్టుకోకుండానే పటం పరిచారు.

భోగి

అమ్మ హనుమకొండ నుంచి ముందు రోజే వచ్చింది. పీట చూసి మురిసిపోయింది. భోగిమంట, తలంట్లు, టిఫిన్లు అయ్యాక వియ్యపురాళ్ళిద్దరినీ బల్లకు చెరోవైపు కూర్చోబెట్టాం. పావుగంటలో తగువు.

అత్తయ్య రూలు ఇదీ: చేతిలో పిక్కలు అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి పంచాలి. ఆ తర్వాతి గుంట ఖాళీ అయితే, దాని అవతలి గుంటలో ఉన్నవి మనవి. అక్కడితో మన వంతు సరి. అమ్మ అలా గెలిచిన గుంటతో పాటు దాని ఎదురు గుంటలోవి కూడా ఊడ్చేసింది.

"అదేంటి వదినగారూ, ఎదురుగుంట కూడానా?"

"మా దిక్కు గట్లనే తీస్తం వదినా. గది ఇడిశిపెడ్తే ఆటెట్లయితది?"

మా మరిది ఫోన్లో వెతికి సరైన రూలు చెబుతానన్నాడు. ఇద్దరూ ఒకేసారి వాణ్ణి నోరు మూయించారు. నా ఉద్దేశం కూడా అదే. ఈ ఆటకు ఒకే రూలు పుస్తకం ఉండాలనడం కుదరదు. తమిళనాట పల్లాంగుళి, కన్నడనాట అళిగుళిమణె అంటూ ఇదే పీట మీద ఎవరి పద్ధతి వాళ్ళు ఆడుకుంటున్నారు. ఆఫ్రికాలో కూడా గుంటల్లో గింజలు పంచే ఆటలు ఎన్నో ఉన్నాయి. డల్లాస్ నుంచి వచ్చిన మా పెద్దాడపడుచు కొడుకు పీట చూడగానే "ఇది మంకాలా కదా" అన్నాడు. ఫోన్లో ఆడేవాడట. వాడు ఆడేదానిలో గెలిచిన గింజలు వేసుకోవడానికి చివర్లో పెద్ద గుంటలుంటాయి. ఇక్కడవేవీ అని అడిగితే అత్తయ్య తన చీర కుచ్చిళ్ళు చూపించింది.

తగువు తీరింది ఇలా: ఎవరు మొదలుపెడితే వాళ్ళ ఊరి రూలు, ఆ ఆట అయ్యేదాకా అదే. రెండు రూళ్ళనూ రెండు కాగితాల మీద పెద్దక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి పీట పలకలో దోపాను. అమ్మ రూలుతో ఆట తొందరగా అవుతుంది, ఒక్క దెబ్బకు ఎక్కువ పోతాయి. అత్తయ్య రూలులో లెక్కకు చోటెక్కువ. నాకు అత్తయ్యదే నచ్చింది. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు.

కనుమ

అష్టాచెమ్మా రెండు కాయల ఆట ఇంచుమించు అరగంటలోనే అయింది. అనుకున్నట్టే. ఒక్క కాయనైనా చంపితే గానీ లోపలి వరుసలోకి వెళ్ళకూడదన్న రూలు మాత్రం ఇంట్లో చిచ్చు పెట్టింది. నాలుగేళ్ళవాడి కాయను చంపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, మా అమ్మకు తప్ప. "ఆటంటే ఆటే బిడ్డా" అని టక్కున తీసి ఇంట్లో పెట్టేసింది. వాడు కాసేపు మూతి ముడుచుకుని, చెమ్మా పడగానే అందర్నీ వదిలేసి వెతికి వెతికి అమ్మమ్మ కాయనే చంపాడు. ఇద్దరికీ జత కుదిరింది. సాయంత్రానికి వాడు ఒకటి నుంచి ఎనిమిదిదాకా గడులు వేలుపెట్టి లెక్కపెడుతున్నాడు.

బల్ల మీద ఆడటం వల్ల వచ్చిన ఒకే ఇబ్బంది, గవ్వలు జారి కిందపడటం. వంగి తీసే పని ప్రతిసారీ పిల్లలదే. స్టీలు పళ్ళెంలో వేద్దామంటే ఆ చప్పుడుకు టీవీ వినపడటం లేదని మావయ్య గారి ఫిర్యాదు. చివరికి పళ్ళెంలో ఒక రుమాలు పరిచాం.

ఫిబ్రవరి

అందరూ వెళ్ళాక సెట్టు ఎలా ఉందో చూశాను. చింతపిక్కలు తొమ్మిది తక్కువ, డబ్బాలోవి వేసి సరిచేశాను. గుడ్డ మీద ఒకచోట అరిసె నూనె మరక, ఉతికినా వదల్లేదు. లక్క కాయలు నిగనిగలాడుతున్నాయి గానీ ఒక పులి మీసం చెరిగింది. పీట బందు ఒకటి కొంచెం వదులైంది, పొడుగు మర ఇంకోటి వేస్తే సరిపోతుందట.

చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. నున్నటి బల్ల మీద పీట జారుతోంది, అడుగున రబ్బరు ముక్కలు అంటించాలి. అత్తయ్య కుర్చీకి బల్ల ఇంకో అంగుళం ఎత్తు తక్కువైతే బాగుండునట, భుజం నొస్తోందంది. పులి-మేకలో ఎన్ని మేకలు పోతే మేకలు ఓడినట్టన్నది ఇంకా తేలలేదు. మావయ్య గారు ఐదు అంటారు, అత్తయ్య అన్నీ పోయేదాకా ఆడాల్సిందే అంటుంది.

శివరాత్రి జాగారానికి పీట వాళ్ళింటికి పట్టుకెళ్తానని మరిది ఫోన్ చేశాడు. ఇవ్వనని చెప్పి వడ్రంగి నంబరు, కొలతల కాగితం ఫోటో పంపించాను.